నత్త కంటితో రాదు, వాసనతో వస్తుంది



పోయిన వారం పెట్టిన వీడియోలో మా నారుమడిలో రాత్రి పదిన్నరకు తీసిన నత్తను చూశారు కదా. ఫోను లైటు పడగానే పైనున్న రెండు కొమ్ములనూ లోపలికి లాక్కునింది. చూసినవాళ్లలో ఎక్కువ మంది అడిగింది ఒకటే: "అన్నా, ఆ కొమ్ము కొనన నల్ల చుక్క కనపడతా ఉంది, అది కన్నా?" అవును, కన్నే. ఆ కన్ను ఎంత చూస్తుందో, ఎంత చూడదో తెలియక నేను ఒక్క సీజన్‌లో 62 ట్రేల నారు పోగొట్టుకున్నాను. వీడియోలో అది చెప్పే టైము లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది పలమనేరు పక్కన పల్లె. రెండెకరాల్లో టమాటా, కూరగాయలు, ఒక ఎకరం మల్బరీ, వాటితోపాటు చిన్న షేడ్ నెట్ నర్సరీ. బీజామృతంతో విత్తనశుద్ధి చేసి టమాటా, మిరప, వంగ నారు పెంచి చుట్టుపక్కల రైతులకు ఇస్తాను. కౌండిన్య అడవి పక్కనే ఉంది కాబట్టి మా ఊళ్లో భయమంటే ఏనుగుల భయమే. రాత్రి కుక్క మొరిగితే ముందు చెరుకు మడి వైపే చూస్తాం. అట్లాంటి ఊళ్లో నేను నత్తకు భయపడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

అవి మామూలు నత్తలు కావు, ఆఫ్రికా నత్తలు. గుల్లే అరచేతి పొడవుంటుంది. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కోల్‌కతాలో ఒక తోటలో వదిలాడట. అక్కడి నుంచి మొక్కల కుండీలతో, మట్టితో దేశమంతా పాకినాయి. కేరళ, కర్ణాటక రైతులకు ఇవి బాగా తెలుసు. మా నర్సరీకి కూడా బయట కొన్న వక్క మొక్కల సంచుల్లోనే వచ్చాయని నా అనుమానం. ఎక్కడ కొన్నానో చెప్పను, సంచి అడుగున చూసుకోకపోవడం నా తప్పే. ఒక్కోటి ఒక విడతకు వంద నుంచి నాలుగు వందల దాకా గుడ్లు పెడుతుంది. ఆడ, మగ అని వేరే లేవు, ప్రతిదీ గుడ్లు పెట్టేదే.

కార్తీక మాసం ముసురు పట్టిన వారం అది. పొద్దున పోతే ట్రేలలో మొలకలు కత్తెరతో కత్తిరించినట్టు ఉన్నాయి. ట్రేల మీద వెండి గీతల్లాగా జిగురు మెరుస్తా ఉంది. నీమాస్త్రం కొట్టాను, ఏమీ కాలేదు. తెలిసిన ఒకాయన "గుళికలు చల్లెయ్ అబ్బా, ఒక్క రాత్రిలో తేలిపోతుంది" అన్నాడు. ఆ గుళికల్లో మందు కుక్కలకు, కోళ్లకు కూడా విషమే. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. అదీగాక ఆ నారును నేచురల్ అని అమ్ముతా ఉండేది నేను.

అప్పుడు నాకు తోచిన తెలివి చెప్తాను. నత్త రాత్రిపూట తిరుగుతుంది, వెలుతురంటే దానికి పడదు, కళ్లు కూడా ఉన్నాయి. అయితే రాత్రంతా లైట్లు వేస్తే రాదు కదా? నాలుగు తెల్ల ఎల్‌ఈడీ బల్బులు కట్టి సాయంత్రం నుంచి తెల్లవారే దాకా వెలిగించాను. మొదటి రాత్రి ట్రేల పైన నత్త ఒక్కటీ కనిపించలేదు. ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. మూడో రోజు ట్రే పైకెత్తి చూస్తే అన్నీ కింద ఉన్నాయి. ట్రేకి, బెంచీకి మధ్య ఉండే నీడ వాటికి చాలు. అంచుల వెంబడి పైకొచ్చి, అందినంత తిని, మళ్లీ కిందికి. వారం పది రోజులకు ఇంకొకటి జరిగింది. లైట్లకు వచ్చిన రెక్కల పురుగులు ఊరికే పోలేదు, మిగిలిన ట్రేలలో లద్దె పురుగు కనిపించింది. అంటే కరెంటు బిల్లు కట్టి ఇంకో పురుగును పిలిచాను.

62 ట్రేలంటే ఆరు వేల పైచిలుకు మొక్కలు. డబ్బు లెక్క వేసుకుంటే మునిగిపోయేదేమీ కాదు. ఆ నారు కోసం దున్ని, ఘనజీవామృతం చల్లి, కాలవలు తీసి పెట్టుకున్న వాళ్లున్నారు. వరసకు మామ అయ్యే ఒక పెద్దాయన అడ్వాన్సు తిరిగిస్తే తీసుకోలేదు. "దుడ్లు నాకెందుకు అల్లుడా, అదును పోయింది కదా" అన్నాడు. ఆ మాట తర్వాతే నేను నిజంగా చదవడం మొదలుపెట్టాను. డిప్లొమాలో పురుగుల పేర్లు, మందుల పేర్లు, మోతాదులు చదివాం. ఆ పురుగుకు మన మడి ఎట్లా కనిపిస్తుంది అనేది ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నత్తకు రెండు జతల కొమ్ములు. పై జత పొడుగు, కింది జత పొట్టి. పై కొమ్ముల కొనల్లో కళ్లుంటాయి. చొక్కా చేతిని లోపలికి తిరగేసినట్టు కొమ్ము మొత్తాన్ని లోపలికి మడుచుకోగలదు, కన్ను ముందుగా లోపలికి పోతుంది. కొమ్ము తెగిపోయినా కొన్ని వారాల నుంచి నెలల్లో కన్నుతో సహా మళ్లీ మొలుస్తుంది. ఆ కంటిలో మన కంటిలో లాగే లెన్సు ఉంది, వెనక వెలుతురు పట్టే పొర ఉంది. కానీ లెన్సును సర్దుకుని దగ్గర, దూరం చూసే కండరాలు లేవు. రంగులు తెలియవు. వెలుగు ఎటు, నీడ ఎటు, ఎదురుగా ఏదైనా పెద్దగా అడ్డముందా, అంతవరకే. వీడియోలో చూసింది అదే: నన్ను చూసి లాక్కోలేదు, వెలుతురు ఒక్కసారిగా మారినందుకు లాక్కునింది.

అసలు సంగతి ఆ కొనలోనే ఇంకొకటుంది. కన్ను పక్కనే వాసన పట్టే భాగం, దాని కింద చిన్న మెదడు లాంటి నరాల గుత్తి. రెండు కొమ్ములనూ అటూ ఇటూ ఆడిస్తా గాలిని వాసన చూస్తుంది. కింది పొట్టి కొమ్ములు నేలను తాకుతా రుచి చూస్తాయి, తనదో వేరే నత్తదో పాత జిగురు దారిని పట్టుకుంటాయి. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో రోనాల్డ్ చేజ్, ఆయన సహచరుడు 1981లో ఇదే ఆఫ్రికా నత్త మీద పరీక్షించారు. పై కొమ్ములు లేకపోతే దూరం నుంచి వచ్చే వాసన వైపు పోలేకపోయింది. కింది కొమ్ములు లేకపోతే జిగురు దారి పట్టలేకపోయింది. నేల నత్తల మెదడులో వాసన కోసమే పెద్ద గది ఒకటి ఉంది. ఇంకా ఆశ్చర్యం ఏమంటే, గుల్ల లేని నత్త ఒకసారి తిని కష్టపడిన ఆహారాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ ముట్టదని అమెరికాలో గెల్పెరిన్ 1975లోనే చూపించాడు. ఒక్కసారికే నేర్చుకుంటుంది. మనలో ఎంతమందికి అది చేతనవును చెప్పండి.

ఇప్పుడు నా లైట్ల తెలివి ఎందుకు పనిచేయలేదో అర్థమైంది కదా. నీడ దొరికితే దానికి వెలుతురు అడ్డమే కాదు. లేత మొలకల వాసన మాత్రం రాత్రంతా పిలుస్తానే ఉంటుంది. నేను కంటికి అడ్డం పెట్టాను, అది వాసన పట్టుకుని వచ్చింది.

అందుకని పద్ధతి మార్చాను. గోనె సంచులు తడిపి నర్సరీ చుట్టూ పదడుగులకు ఒకటి పరిచాను. వాటి కింద బొప్పాయి ఆకులు, ముదిరిన క్యాబేజీ ఆకులు, కొన్నింటి కింద బెల్లం నీళ్లలో పులియబెట్టిన తవుడు ముద్ద. వాసనకు వస్తాయి, తిని, తెల్లారేసరికి తడి, చీకటి అక్కడే దొరుకుతుంది కాబట్టి అక్కడే పడుకుంటాయి. పొద్దున ఎండ రాకముందే సంచి ఎత్తి ఏరుకోవడమే. మొదటి పొద్దున బకెట్టు సగం నిండింది. వారానికి సంచికి రెండు మూడు మాత్రమే. సంచులను రోజుకో చోటికి మార్చొద్దు. వాటి జిగురు దారులే వాటిని మళ్లీ అదే సంచి కిందికి తీసుకొస్తాయి.

ఏరేటప్పుడు ఒట్టి చేతులతో ముట్టొద్దు. ఈ నత్తల్లో ఎలుకల నుంచి వచ్చే ఒక రకం నులిపురుగు ఉండొచ్చు. అది మనిషిలోకి పోతే మెదడు పొరలకు వాపు వస్తుంది. చేతికి కవరు కట్టుకోండి, పిల్లలను గుల్లలతో ఆడనివ్వద్దు, ఆ మడిలో ఆకుకూరలను బాగా కడిగి వండుకోండి. ఏరినవాటిని ఐదు లీటర్ల నీళ్లకు కిలో ఉప్పు కలిపిన బకెట్టులో వేసి, తర్వాత గుంత తీసి పూడ్చండి. ఉప్పు నీళ్లు మాత్రం మడిలో పారబోయొద్దు. సున్నం, బూడిద గీతలు పొడిగా ఉన్నంతసేపే. ముసురులో అవి ముద్దయిపోతాయి, నత్త వచ్చేది కూడా ముసురులోనే.

మా అవ్వ ఈ సంచుల పని చూసి నవ్వింది. "మేము చెరువులో నత్తగుల్లలు ఏరి కూరొండుకుంటిమి, నువ్వు గుల్లలకు ఆకులు పెట్టి మేపతా ఉండావు" అని. ఆమె చెప్పే చెరువు నత్త వేరే జాతి. దాని కళ్లు కొమ్ముల కొనన ఉండవు, కొమ్ము మొదట్లో ఒక పొట్టి కాడ మీద ఉంటాయి. అది బురద నీళ్లలో బతుకుతుంది, చూడటానికి పెద్దగా ఏముంటుంది? దానికి వేరే ఏర్పాటుంది: లోపలికి తీసుకునే నీరు ఎట్లాంటిదో, అందులో ఏముందో ముందుగానే పసిగట్టే ఒక అవయవం. డిగ్రీలో జువాలజీ చదివిన వాళ్లకు పైలా అని ఈ నత్త బాగానే గుర్తుంటుంది. గుల్ల కోసి బొమ్మ గీయించి ఉంటారు.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను, నాకు చాలా నచ్చిన విషయం ఇది. నత్తల చుట్టాలన్నీ కలిసి మొలస్కా అనే ఒక పెద్ద కుటుంబం. ఆ ఒక్క కుటుంబంలోనే కన్ను ఎన్ని రకాలుగా ఉంటుందో చూడండి. సముద్రం ఒడ్డు బండలకు అతుక్కుని బతికే లింపెట్‌కు కన్నంటే ఒక చిన్న గుంట మాత్రమే. వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో తెలుస్తుంది, బొమ్మ కనిపించదు. నాటిలస్ అనే దానికి ఆ గుంట దాదాపు మూసుకుని సూది బెజ్జమంత రంధ్రం మిగిలింది. లెన్సు లేదు, సముద్రపు నీరు నేరుగా కంట్లోకి పోతుంది, మసకగా బొమ్మ పడుతుంది. నేల నత్తకు లెన్సు వచ్చింది. ఆక్టోపస్‌కు వచ్చేసరికి మన కన్నుతో సమానమైన కన్ను. ఒక విషయంలో మనకంటే మెరుగు కూడా: మన కంట్లో నరాలు పొర ముందు నుంచి వచ్చి ఒక చోట బయటికి పోతాయి, అక్కడ గుడ్డి చుక్క ఉంటుంది. ఆక్టోపస్‌కు నరాలు వెనకనే ఉన్నాయి కాబట్టి ఆ చుక్కే లేదు. స్కాలప్ అనే చిప్పకైతే అంచు పొడవునా రెండు వందల దాకా కళ్లు, ఒక్కో కంటి వెనక అద్దం. ఆ అద్దమే వెలుతురును వెనక్కి కొట్టి బొమ్మను తయారుచేస్తుంది. మెదడుకు, కంటికి అయ్యే ఖర్చు ఎక్కువ కాబట్టి పరుగెత్తి వేటాడే ఆక్టోపస్ ఆ ఖర్చు పెట్టింది. మొలకలు తినే నత్తకు అక్కర్లేదు, ఆ పెట్టుబడిని వాసన మీద పెట్టింది.

వానపాముకు ఆ లెన్సు, గుంట కూడా లేవు. అసలు కళ్లే లేవు. కానీ గుడ్డిది అనుకోకండి. చర్మంలోనే వెలుతురు పట్టే కణాలున్నాయి, తల వైపు ఎక్కువ. అందుకే మల్చింగ్ పైకెత్తగానే సర్రున లోపలికి పోతాయి. చార్లెస్ డార్విన్ ముసలితనంలో వీటిని కుండీల్లో పెంచి 1881లో ఒక పుస్తకం రాశాడు. విజిల్ ఊదాడు, పియానో గట్టిగా వాయించాడు, వాటికి చీమ కుట్టినట్టు కూడా లేదు. అదే కుండీలను పియానో మీద పెట్టి ఒక్క మీట నొక్కగానే బొరియల్లోకి దూరాయి. చెవులు లేవు గానీ అదురు తెలుస్తుంది. ట్రాక్టరు, టిల్లరు పొద్దున్నుంచీ తిరిగే మడిలో వాటి బతుకు ఎట్లుంటుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. ఎరుపు వెలుతురు వాటికి పెద్దగా తెలియదు. రాత్రిపూట మీ మడిలో వానపాములు ఎన్ని పైకొస్తాయో చూడాలంటే టార్చికి ఎర్ర కలర్ పేపర్ రెండు మడతలు చుట్టి, అడుగులు మెల్లగా వేసి పోండి. మామూలు లైటుతో పోతే బొరియ మాత్రమే కనిపిస్తుంది. నత్తలను వీడియో తీసేటప్పుడు కూడా నేను ఇప్పుడు ఇదే వాడుతున్నా.

ఇంతవరకు చెప్పినవి వాసన, తడి, అదురుతో బతికేవి. కంటితో వచ్చేవాళ్ల లెక్క పూర్తిగా వేరు.

తెల్లదోమ, పేనుబంక గాలిలో నుంచి దిగేటప్పుడు పచ్చటి, పసుపు వెలుతురును చూసి దిగుతాయి. లేత ఆకు నుంచి వచ్చేది అదే. మనం కట్టే పసుపు జిగురు అట్ట మన కంటికి పసుపు, తెల్లదోమకు మాత్రం ఆకు కంటే ఎక్కువ ఆకు. తామర పురుగులు నీలానికి ఎక్కువ వస్తాయి కాబట్టి వాటికి నీలి అట్ట. కానీ జాగ్రత్త, తేనెటీగలకు కూడా నీలం బాగా కనిపిస్తుంది. వాటికి ఎరుపు కనిపించదు, మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది. తేనెటీగలకు రంగులు తెలుసని నిరూపించిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. అందుకని పూత ఎక్కువగా ఉన్న రోజుల్లో అట్టల మీద ఏమేమి పడుతున్నాయో దగ్గరగా చూడండి. తేనెటీగలు పడుతుంటే కొన్నాళ్లు తీసేయండి.

లింగాకర్షక బుట్టలు కంటివి కావు, మీసాలవి. ఇది మా పలమనేరు మల్బరీ రైతులకు నేను చెప్పక్కర్లేదు. పట్టు సీతాకోకల్లో మగది ఆడదాన్ని చూడకుండానే రెక్కలు కొట్టుకుంటా దాని వైపు పోతుంది. ఆ వాసన ఏమిటో మొదట కనుక్కున్నది కూడా పట్టుపురుగు నుంచే. జర్మనీలో బుటెనాంట్ దాదాపు 5 లక్షల ఆడ సీతాకోకల నుంచి దాన్ని వేరుచేసి 1959లో ప్రకటించాడు. ఇప్పుడు టమాటాలో కాయ తొలిచే పురుగుకు, టూటాకు మనం వాడే ల్యూర్లు ఆ దారిలో వచ్చినవే. మగవాటిని మోసం చేసేవి కాబట్టి వాటిలో పడినవి లెక్కపెట్టి ఉధృతి తెలుసుకోవచ్చు. నాలుగు బుట్టలు కట్టి పురుగు అయిపోయిందనుకోవడం మాత్రం నా లైట్ల తెలివి లాంటిదే.

లైటు మాట వచ్చింది కాబట్టి: దీపపు ఎరలు పెట్టేవాళ్లు చీకటి పడ్డాక రెండు మూడు గంటలు వెలిగించి ఆపేయండి. రాత్రంతా వెలిగితే మిత్ర పురుగులు కూడా అందులోనే పడతాయి. పేడ పురుగుల్లో కొన్ని రాత్రిపూట పాలపుంత వెలుగును చూసి దారి తప్పకుండా పోతాయని 2013లో తేల్చారు. నెత్తిన చిన్న టోపీలు పెట్టి ఆకాశం కనపడకుండా చేస్తే దారి తప్పాయట. పశువుల కొట్టం దగ్గర రాత్రంతా ఫోకస్ లైటు వేసే ముందు పేడను మట్టిలో కలిపేది ఎవరో కూడా ఒకసారి తలచుకోండి.

ఇప్పుడు మనలాంటి వాళ్లకు అసలు చిక్కు. ఆచ్ఛాదన. ఇంగ్లండులో స్టాన్ ఫించ్, రోజ్‌మేరీ కోలియర్ క్యాబేజీ మీద పనిచేసి 2000లో ఒక విషయం చెప్పారు. బోడి మట్టి మీద ఒంటరిగా పచ్చగా నిలబడిన మొక్క పురుగు కంటికి సులభంగా దొరుకుతుంది. చుట్టూ వేరే పచ్చదనం ఉంటే పురుగు ఏది పడితే ఆ ఆకు మీద వాలుతుంది, కాళ్లతో రుచి చూస్తుంది, ఇది కాదని లేస్తుంది. కొన్నిసార్లు అట్లా అయ్యాక ఆ చోటే వదిలేసి పోతుంది. మనం నవధాన్యాలు చల్లి, అంతరపంటలు వేసి, నేలను కప్పితే తేమ, వానపాములే కాదు, కంటితో వచ్చే పురుగుకు పంట మరుగవుతుంది కూడా. కలుపు ఒక్కటీ లేకుండా గీకిన మడిని చూసి మెచ్చుకునే పెద్దలకు ఇది చెప్పండి.

కానీ అదే కప్పు నత్తకు ఇల్లు. చీకటి, తడి, కుళ్లిన ఆకు, దానికి కావాల్సినవన్నీ అక్కడే. ఆచ్ఛాదన వల్ల నష్టమే లేదని నేను చెప్పను, మా దగ్గర నత్త పెరిగింది దాని కిందే. అట్లని తీసేయనూ లేదు. చేలో పచ్చి కప్పు ఉంచాను. నారుమడి చుట్టూ మాత్రం మూడడుగుల వెడల్పున ఏమీ లేకుండా పొడి ఇసుక, దాని బయట తడి సంచులు. ట్రేలు నేల మీద, బెంచీ మీద పెట్టడం మానేసి సన్నని ఇనుప కాళ్ల స్టాండ్లకెక్కించాను. ఎండాకాలంలో గోడల సందుల్లో, రాళ్ల కింద గుల్ల మూతికి పొర కట్టుకుని నిద్రపోయేవాటిని ఏరేస్తున్నాను. ఆ నెలల్లో ఒక్కటి తీస్తే వానాకాలానికి కొన్ని వందల గుడ్లు తగ్గినట్టు.

తర్వాతి వీడియోకు ఒక పని జరుగుతోంది. టమాటాలో నాలుగు సాళ్లు బోడిగా, నాలుగు సాళ్లు పెసర, అలసంద కప్పుతో వదిలాను. రెండు వైపులా ఒకే ఎత్తులో పసుపు అట్టలు కట్టి, మూడు రోజులకోసారి తెల్లదోమలను లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తున్నా. కోత అయ్యేదాకా లెక్క చెప్పను. ఈసారి మామకు ఇచ్చిన నారు కూడా ఆ మడి పక్కనే నాటాడు, ఆయన అట్టలు కూడా నేనే లెక్కపెట్టాలట.